రెండు ఉత్తరములు

నా కుమారునికి రెండు విశ్వవిద్యాలయములలో చోటు దొరికెను: ఒకటి అమెరికాలో, మరియొకటి జర్మనీలో. అమెరికా పేరు వినగానే పొలము కుదువబెట్టుటకు నేను సిద్ధపడితిని.

“నాన్నగారూ, చదువు నడుచునప్పుడు అక్కడ వారమునకు 20 గంటలకు మించి పని చేయనియ్యరు. అప్పెట్లు తీరును?” అని వాడడిగెను.

జర్మనీలో పెక్కు ప్రభుత్వ విశ్వవిద్యాలయములందు బోధన ఫీజు లేదు. వానికి చోటు దొరికిన బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రములో మాత్రము 2017 నుండి మనవంటి పరదేశులు అర్ధ సంవత్సరమునకు 1500 యూరోలు కట్టవలెను. ఏడాది బ్రతుకు ఖర్చు ముందుగానే బ్యాంకులో చూపవలెను. కూర్చుండి లెక్క చూచితిమి. కొంత అప్పు తప్పలేదు గాని పొలము నిలిచెను.

నేను కోరినది వాని చదువా, సంఘములో నా గొప్పయా? వాని ప్రశ్న నన్ను గద్దించెను. మీ యింటికి అట్టి ఉత్తరములు వచ్చిననాడు, ఊరివారికి చెప్పకమునుపు బిడ్డతో కూర్చుండి లెక్క చూడుడి.