సెటప్‌లో ఇంత సంగీతముందా!

ఇన్నాళ్లూ ఈ సంగతి ఒక్కరైనా నా చెవిన వేయలేదేంది సామీ! విండోస్‌కు ముందటి డాస్ కాలపు ఆటల్లో ఒకే పాటకు ఐదారు గొంతులుంటాయి. ఏ గొంతుతో పాడాలో మనమే చెప్పాలి. చాలా ఆటల్లో ఆ చెప్పే చోటు ఆట లోపల కూడా ఉండదు, పక్కనే సెటప్ అన్న చిన్న ఫైల్లో ఉంటుంది. దాన్ని తెరిస్తే మ్యూజిక్ కార్డు ఏదని అడుగుతుంది. కింద పేర్లు: జనరల్ మిడి, సౌండ్ కాన్వాస్, సౌండ్ బ్లాస్టర్, అల్ట్రాసౌండ్, ఆడ్‌లిబ్... ఎవరైనా గబుక్కున ఎంటర్ కొట్టి దాటిపోయే పేజీ అది. నేను అక్కడే ఇరుక్కుపోయాను. డూమ్ అనే ఆటలో మొదటి లెవల్ ఇంకా సరిగ్గా దాటలేదు గానీ, ఆ లెవల్ పాటను మాత్రం వీలైనన్ని రకాలుగా విన్నాను. రాక్షసులు వచ్చి కొడుతున్నా పట్టించుకోకుండా గోడ పక్కన నిలబడి వింటున్నాను.

వేంపల్లెలో డాస్ ఆటలేందని నవ్వకండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ మా మండలంలోనే ఉంది. 2008లో అది వచ్చినాక ఈ చుట్టుపక్కల వానకు కరువేమో గానీ పాత ల్యాప్‌టాప్‌లకు కరువు లేదు. అట్లాంటి ఒకదాంట్లో మా చిన్నాయన కొడుకు డాస్‌బాక్స్ వేసిచ్చాడు. 2002 నుంచి ఉచితంగా దొరుకుతున్న సాఫ్ట్‌వేర్ అది. ఇప్పటి కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ను నడిపిస్తుంది, దాని సౌండు కార్డులతో సహా. ఒకప్పుడు పెట్టె విప్పి, స్క్రూలు తీసి, డబ్బులు పోసి కొన్న కార్డును గుచ్చాల్సిన పని. ఇప్పుడు కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క మాట మారిస్తే చాలు.

అసలు ఆట మనల్ని ఎందుకు అడగాలి? ఎందుకంటే డాస్‌కు సౌండు కార్డుల గురించి ఏమీ తెలియదు. ఇప్పుడు ఆ లెక్కంతా విండోస్ చూసుకుంటుంది. అప్పట్లో ఆట రాసినవాళ్లే ఒక్కో కార్డుకు ఒక్కో డ్రైవర్ పెట్టుకోవాలి. మీ పెట్టెలో ఏముందో వాళ్లకు తెలిసే దారి లేదు, కాబట్టి అడుగుతారు. ఈ అడగడంలోనే మజా అంతా ఉంది.

మొదట అన్నిటికన్నా పేదదాన్ని విన్నాను: పీసీ స్పీకర్. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీ నుంచీ ఉన్నది. సంగీతం కోసం పెట్టింది కాదు, తప్పు జరిగితే బీప్ అనడానికి పెట్టింది. లోపల ఒక టైమర్ చిప్ సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. ఆ అంకెను 2712తో భాగిస్తే సుమారు 440 వస్తుంది, అదొక స్వరం. ఇంకో అంకెతో భాగిస్తే ఇంకో స్వరం. ఒకసారికి ఒక్కటే. గట్టిగా, మెల్లగా అన్నది కూడా లేదు. ఇంతలో ఏం పాడతారు? పాడారు! 1983 నాటి డిగ్గర్ ఆట పెట్టి చూడండి. గెర్షన్ కింగ్స్‌లీ 1969లో చేసిన 'పాప్‌కార్న్' బాణీ చిటపటా మోగుతుంది. బోనస్ వస్తే రోసీని 'విలియం టెల్', చచ్చిపోతే షోపాన్ శవయాత్ర సంగీతం. పాశ్చాత్య సంగీతంలో నాకు ఓనమాలు రావు, షోపాన్‌ను నాకు పరిచయం చేసింది మట్టి తవ్వుకునే ఒక బండి.

పక్కన మా మేనమామ కూర్చుని చూస్తున్నాడు. ఆయన తొంభైల్లో ప్రొద్దుటూరులో కంప్యూటర్ నేర్చుకున్నవాడు. డాస్, ఫాక్స్‌ప్రో అని కోర్సు. సార్ లేనప్పుడు ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఆ మెషీన్లలో సౌండు కార్డన్నదే లేదు. స్పీకరు కూసిందంటే సార్‌కు తెలిసిపోతుంది, అందుకని ఆట మొదలుకాగానే కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి నోరు మూయించేవాళ్లంట. అరవై నిమిషాల్లో యువరాణిని విడిపించే ఆట అది. ఆ యువరాణిని మా మామ ఎన్నిసార్లు విడిపించాడో గానీ ఒక్కసారి కూడా సంగీతంతో విడిపించలేదు. నేను సౌండ్ బ్లాస్టర్ పెట్టి చూపిస్తే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఒరే అల్లుడా, దీంట్లో పాట కూడా ఉండెనా!"

"ఉంది మామా. ఆట చేసిన జోర్డాన్ మెక్నర్‌కు వాళ్ల నాయనే చేసిచ్చినాడంట."

నిజమే, ఫ్రాన్సిస్ మెక్నర్ సైకాలజిస్టు. కొడుకు ఆటకు సంగీతం ఆయనదే. సీసాలో మందు తాగినప్పుడొక చిన్న పలుకు, ప్రాణం పోయినప్పుడొక పలుకు. మామ కావాలనే రెండుసార్లు గుంతలో పడి చచ్చి విన్నాడు.

ఇప్పుడు ఆడ్‌లిబ్ దగ్గరికి వస్తాను. నా మతి పోయింది ఇక్కడే. కెనడాలోని క్యుబెక్‌లో మార్టిన్ ప్రెవెల్ అనే సంగీతం ప్రొఫెసర్ పెట్టిన కంపెనీ, 1987లో తెచ్చిన కార్డు. దాని గుండెకాయ యమహా చిప్పు ఒకటి, వైఎం 3812 అని. ఒకేసారి తొమ్మిది గొంతులు. ఒక్కటంటే ఒక్క వాయిద్యం రికార్డింగు కూడా అందులో లేదు. అంతా అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టించేదే. ఎట్లా? గమకం తెలిసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. స్వరాన్ని కొంచెం పైకీ కిందికీ ఊపితే గమకం. ఆ ఊపును వేగం పెంచుకుంటూ పోతే, సెకనుకు పదులు, వందలసార్లు ఊపితే? ఊపు వినపడటం మానేసి స్వరం రంగే మారిపోతుంది. గంట అవుతుంది, బాకా అవుతుంది, తీగ అవుతుంది. 1967లో స్టాన్‌ఫోర్డ్‌లో జాన్ చౌనింగ్ ఇట్లా ఊపుతూ ఊపుతూనే దీన్ని కనిపెట్టాడు. యమహా వాళ్లు ఆ హక్కులు తీసుకుని 1983లో డీఎక్స్ 7 కీబోర్డు చేశారు. అదే పద్ధతిని చిన్నది చేసి కంప్యూటర్ కార్డులోకి ఎక్కించారు. ఒక గొంతుకు రెండు తరంగాలు: ఒకటి మోగుతుంది, రెండోది దాన్ని ఊపుతుంది.

ఆ మోత ఎట్లుంటుందంటే, రేకు మీద తేనె పోసినట్టు. వయొలిన్ అని రాసినచోట వయొలిన్ రాదు, వయొలిన్ గురించి ఎవరో చెప్పగా విన్న యంత్రం పాడినట్టు వస్తుంది. ఇది తక్కువరకం అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 1992 నాటి వుల్ఫెన్‌స్టీన్ 3డి పెట్టండి. అందులో సంగీతానికి ఆడ్‌లిబ్, సౌండ్ బ్లాస్టర్ తప్ప వేరే దారే లేదు. బాబీ ప్రిన్స్ బాణీలన్నీ ఈ చిప్పు కోసమే కట్టినవి. ఆ బరబరలాడే బేస్ ఇంకో వాయిద్యం మీద పలకదు.

సౌండ్ బ్లాస్టర్ గురించి త్వరగా చెప్పేస్తాను, అది కార్డు కన్నా వ్యాపారం కథ ఎక్కువ. సింగపూర్‌కు చెందిన సిమ్ వాంగ్ హూ, ఆయన క్రియేటివ్ కంపెనీ 1989లో తెచ్చింది. ఆడ్‌లిబ్‌లో ఉన్న యమహా చిప్పునే పెట్టి, దాని పక్కన రికార్డు చేసిన శబ్దాలను వినిపించే దారి కూడా ఇచ్చారు. తుపాకీ మోత, మనిషి అరుపు, నవ్వు అన్నీ వచ్చేశాయి. 1992కల్లా ఆడ్‌లిబ్ దివాలా. సంగీతం, రికార్డు చేసిన శబ్దాలు ఇట్లా వేరే వేరే దారుల్లో వస్తాయి కాబట్టే సెటప్‌లో రెండు వేర్వేరు ప్రశ్నలుంటాయి: శబ్దాలకు ఏ కార్డు, సంగీతానికి ఏ కార్డు. రెంటికీ ఒకే జవాబు ఇవ్వక్కర్లేదు! ఈ ముక్క తెలిసిన రోజు నేను ఇంట్లో అరిచినంత పని చేశాను. శబ్దాలకు సౌండ్ బ్లాస్టర్ పెట్టుకుని, సంగీతాన్ని వేరేదానికి అప్పగించొచ్చు. తర్వాత అడిగే అంకెలకు భయపడొద్దు. డాస్‌బాక్స్‌లో అవి మామూలుగా 220, 7, 1. మొదటిది కార్డు ఉండే చిరునామా, రెండోది ప్రాసెసర్‌ను పిలిచే లైను, మూడోది ప్రాసెసర్ తోడు లేకుండా డేటా తెచ్చుకునే దారి. అప్పటి జనానికి ఈ ఏడు నంబరు దగ్గరే తిప్పలు, ప్రింటర్ కూడా అదే లైన్లో ఉండేది. మనకా బాధ లేదు.

ఇక ఆ 'వేరేది' సంగతి. జనరల్ మిడి. డూమ్ సెటప్‌లో సంగీతానికి దీన్ని ఎంచి, శబ్దాలను సౌండ్ బ్లాస్టర్‌కు వదిలి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. అబ్బ! ఆడ్‌లిబ్‌లో కందిరీగల్లా గీపెట్టిన ఆ పాటే గిటార్లు, డ్రమ్ములతో మీద పడింది. ఇది కూడా బాబీ ప్రిన్స్‌దే, 1993. రోలాండ్ కంపెనీ వాళ్ల సౌండ్ కాన్వాస్ పెట్టెను దగ్గర పెట్టుకుని కట్టింది. ఇంకో వింత, విండోస్‌లో మిడి పలికించే చిన్న సింథసైజర్ ఒకటి ముందే ఉంటుంది, దాని వాయిద్యాల శబ్దాలు రోలాండ్ దగ్గర లైసెన్స్ తీసుకున్నవే. అంటే వేంపల్లెలోని ఈ కీలు ఊడిన ల్యాప్‌టాప్‌లో కూడా ఒక బుల్లి రోలాండ్ ఇన్నేళ్లుగా ఊరకే కూర్చుని ఉంది.

మిడి అంటే శబ్దం కాదు, చీటీ. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఏ నంబరు వాయిద్యం. అంతే. మా సీమ తాళ్ళపాక అన్నమయ్య రాగిరేకుల్లో మాట ఉంది, పైన రాగం పేరుంది, స్వరం లేదు. తర్వాతెప్పుడో రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ లాంటివాళ్లు బాణీలు కట్టుకోవాల్సి వచ్చింది. మిడిలో సరిగ్గా తిరగేసి ఉంది: స్వరం పొల్లుపోకుండా ఉంది, గొంతు లేదు. గొంతు మన పెట్టెలోంచి రావాలి.

1991లో వచ్చిన ఆ జనరల్ మిడి పట్టికను చూస్తే మనవాళ్లకు కొంచెం కడుపు మండుతుంది. మొత్తం 128 వాయిద్యాలు. 105 సితార్, 112 షెహనాయ్. వీణ లేదు, నాదస్వరం లేదు. డ్రమ్ములకు వేరే పట్టిక ఉంది, అందులో ఆవు మెడలో గంట సైతం ఉంది గానీ మృదంగం, డప్పు లేవు. సరే, చోటు లేదనుకుందామా? 124 పక్షి కూత, 125 టెలిఫోన్ మోత, 126 హెలికాప్టర్, 127 చప్పట్లు, 128 తుపాకీ పేలుడు! టెలిఫోన్‌కు ఇచ్చిన చోటు వీణకు ఇయ్యలేదు. మామతో అంటే, "ఫోన్ లేకుంటే వాళ్లకు పొద్దు పోదు లేరా" అన్నాడు.

జనరల్ మిడి కన్నా ముందే, 1987లోనే, రోలాండ్ ఎంటీ 32 వచ్చింది. ఇది ఈ జాబితాకంతా రాజు. డాస్‌బాక్స్ స్టేజింగ్ అన్న కొత్త రకంలో ఇది కూడా పలుకుతుంది గానీ, అసలు యంత్రంలోని రోలాండ్ వాళ్ల రోమ్ ఫైళ్లు కావాలి, అవి దాంతోపాటు రావు. అందుకని నేను అసలు యంత్రం మీద తీసిన రికార్డింగులే విన్నాను, విని కుళ్లుకున్నాను. 1988లో సియెరా కంపెనీ కింగ్స్ క్వెస్ట్ 4కు విలియం గోల్డ్‌స్టీన్ అనే సినిమా, టీవీ సంగీత దర్శకుణ్ని పిలిచి దీని కోసం సంగీతం చేయించింది. కొన్ని వందల డాలర్ల పెట్టె. పీసీ ఆటలకు బీప్ తప్ప ఇంకేమీ వద్దనుకునే రోజుల్లో అంత ధైర్యం! ఆ పెట్టెలో ఉన్న వాయిద్యాలు చాలకపోతే ఆట తన సొంత వాయిద్యాలను తయారుచేసి పంపగలదు, మొదట్లో కాసేపు ఆగేది అందుకే. పెట్టె ముందు ఒక చిన్న తెర కూడా ఉంటుంది. స్పేస్ క్వెస్ట్ 3 మొదలుపెడితే ఆ తెర మీద, ఆటలో చెల్లే బకజాయిడ్ నాణెం వేయమని అక్షరాలు వస్తాయి. వందల డాలర్లు పోసి కొన్నవాడితో ఎంత ఎకసెక్కం!

సొంత వాయిద్యాలు పంపే ఈ సౌకర్యంతోనే ఒక చిక్కు. ఎంటీ 32 కోసం రాసిన పాటను జనరల్ మిడి మీద పలికిస్తే నంబర్లు తప్పుతాయి. వేణువు రావాల్సినచోట ఇంకేదో వస్తుంది, కొన్నిసార్లు చప్పట్లో హెలికాప్టరో వచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకే ఇప్పుడు నా దగ్గర ఒకటే లెక్క: జాబితాలో ఖరీదైనది ఏదని చూడను, ఆ సంగీతం కట్టినవాడు ఏది ఎదురుగా పెట్టుకుని కట్టాడో చూస్తాను. డిగ్గర్‌కు పీసీ స్పీకర్. వుల్ఫెన్‌స్టీన్‌కు ఆడ్‌లిబ్. 1988 నుంచి 91 దాకా సియెరా ఆటలకు కుదిరితే ఎంటీ 32. డూమ్‌కు సౌండ్ కాన్వాస్. ఆటను మొదట ఆ గొంతుతో వినాలి. తర్వాత ఎన్ని వేషాలైనా వేసుకోవచ్చు, వేయకుండా ఉండలేరు కూడా.

మామ మాత్రం ఈ లెక్కను ఒప్పుకోడు. ప్రిన్స్ ఆఫ్ పర్షియాకు పీసీ స్పీకరే సరి అంటాడు. మాట రాని రోజుల్లో ఆడినదానికి ఇంత సంగీతం పెడితే ఆట తేలికైపోయినట్టుందంట. గండి ఆంజనేయస్వామికి శ్రావణ శనివారం వెళ్లేటప్పుడు కూడా పాపఘ్ని వంతెన మీద ఇదే వాదన, చుట్టూ మైకుసెట్లు హోరెత్తిస్తున్నా ఇద్దరం తగ్గలేదు.

జాబితాలో ఇంకొకటి మిగిలింది: గ్రావిస్ అల్ట్రాసౌండ్, 1992, ఇదీ కెనడాదే. లెక్కగట్టి పుట్టించడం కాదు, అసలు వాయిద్యాల రికార్డింగులను తన సొంత మెమరీలో నింపుకుని 32 గొంతులతో పాడుతుంది. డాస్‌బాక్స్‌లో ఇది ఉంది గానీ వాయిద్యాల ఫైళ్లను వేరే ఫోల్డర్లో మనమే తెచ్చిపెట్టుకోవాలి. ట్రిపుల్ ఐటీ నుంచి మా చిన్నాయన కొడుకు వచ్చే ఆదివారం పెన్‌డ్రైవ్‌లో తెస్తానన్నాడు. డూమ్ మొదటి లెవల్ అప్పటిదాకా ఆగాల్సిందే.