కాపీనా, క్లోనా?

ఒరేయ్,

నీ కుర్చీ నీకోసం ఖాళీగా ఎదురుచూస్తోందనుకుంటున్నావేమో, కొత్త కుర్రాడొచ్చి కూర్చున్నాడు. టీ ఎక్కువ, మాట తక్కువ. అలాంటివాడు నా పక్కన పడ్డాడు, జాలిపడు. నోరు విప్పి అడిగింది ఒకే ప్రశ్న: "ఇమేజ్ నుంచి వాల్యూమ్ చేస్తే ఒకటి చిటికెలో వచ్చేస్తుంది, ఇంకోటి టీ తాగొచ్చినా రాదు. డిస్కులు పాతవా అండీ?" నువ్వూ మొదట్లో డిస్కుల మీదేగా పడేవాడివి? ఒక్క ముక్కలో జవాబివ్వడం నావల్ల ఏనాడైనా అయిందా? వాడికి చెప్పగా మిగిలింది నీకు రాస్తున్నాను.

తప్పు డిస్కులది కాదు, ఇమేజ్ ఫార్మాట్‌ది. ఓపెన్‌స్టాక్‌లో మామూలు దారి నీకు తెలిసిందే. వాల్యూమ్‌లు చూసే సిండర్, ఇమేజ్‌లు దాచే గ్లాన్స్ దగ్గర్నుంచి ఇమేజ్ మొత్తం తన కన్వర్షన్ డైరెక్టరీలోకి దింపుకుంటుంది, క్యూఈఎంయూ-ఇమ్‌జీతో రా ఫార్మాట్‌లోకి మారుస్తుంది, వాల్యూమ్ మీదికి రాస్తుంది. పెద్ద ఇమేజ్‌లు నలుగురు ఒకేసారి అడిగారా, ఆ డైరెక్టరీ నిండిపోయి అందరి పనీ ఆగుతుంది. దానికి విడిగా పెద్ద డిస్కు పెట్టమని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నానో నీకు తెలుసు. ఇప్పటికీ పెట్టలేదు.

గ్లాన్స్, సిండర్ రెండూ ఒకే సెఫ్ స్టోరేజ్ క్లస్టర్ మీద ఉండి, గ్లాన్స్‌లో షో-ఇమేజ్-డైరెక్ట్-యూఆర్ఎల్ ట్రూ అని పెట్టి, ఇమేజ్ రా అయితే ఈ ప్రయాణమే ఉండదు. కాపీకి బదులు క్లోన్. అందరూ ఒకే పుస్తకం చదువుతూ, ఎవరు దిద్దిన పేజీ వాళ్లు విడిగా రాసుకున్నట్టు. సిండర్ వాడే సెఫ్ యూజర్‌కి ఇమేజ్‌ల పూల్ చదివే అనుమతి కూడా ఉండాలి, అది మర్చిపోతే మళ్లీ పాత దారే.

"రా ఫైలు లావు కదరా, క్యూకౌ2 ఫార్మాట్ అయితే ఎంత చిన్నది!" అంటావు. అంటావని తెలుసు, నీ పిసినారితనం నాకు కొత్తా? ఇందాక అన్నట్టు క్లోన్ రా ఇమేజ్‌కే, క్యూకౌ2 అయితే కుదరదు, ప్రతి వాల్యూమ్‌కీ దింపి మార్చాల్సిందే. ఎక్కించేముందు ఒక్కసారి మార్చి పడేస్తే పోయే పని కదా. పైగా చిన్నదని మురిసిపోయే ఆ ఫైలు 2 జీబీ ఉండొచ్చు, లోపలి డిస్కు 20 జీబీ ఉండొచ్చు. 10 జీబీ వాల్యూమ్ అడిగితే పట్టదు పొమ్మంటుంది. ఇమేజ్‌కి కావాల్సిన కనీస డిస్కు, అదే మిన్-డిస్క్, సరిగ్గా వేసుంటే ముందే తెలుస్తుంది, ఎవరు వేస్తారు?

సెఫ్ లేనివాళ్లకి ఇమేజ్-వాల్యూమ్ క్యాష్ ఉంది, 2015 నాటి లిబర్టీ నుంచి. సిండర్‌కి అంతర్గత టెనెంట్ ఒకటి చూపించాలి, మొదటి వాల్యూమ్ నిదానంగానే వస్తుంది, తర్వాతివి క్యాష్ నుంచి. ఎన్ని వాల్యూమ్‌లు, ఎన్ని జీబీలు అన్న హద్దు పెట్టకపోతే అది చోటంతా తినేస్తుంది. అయినా అడుగునున్న స్టోరేజ్‌కి తేలిగ్గా క్లోన్ చేయడం చేతనైతేనే దాని అసలు లాభం.

క్లోన్‌కీ ఓ పేచీ ఉంది. కుర్రాడు పాత ఇమేజ్ తీసేయబోతే, వాడుకలో ఉంది పొమ్మంది. వాల్యూమ్‌లు దాన్నే పట్టుకు వేలాడుతున్నాయి మరి! ఫ్లాటెన్ చేస్తే, అంటే ఇమేజ్ డేటా వాల్యూమ్‌లోకే కాపీ చేస్తే, విడిపోతాయి, చోటు మాత్రం తింటాయి.

ఇంకోటి, 2024 జూలైలో బయటపడ్డ లోపం గుర్తుందిగా? క్యూకౌ2 ఇమేజ్‌లో బయటి డేటా ఫైలు అంటూ సర్వర్‌లోని ఏదో ఫైలు దారి రాసి ఎక్కిస్తే, అందులోది చదివేయొచ్చు. సిండర్, గ్లాన్స్, వీఎంలు నడిపే నోవా మూడింటికీ ప్యాచ్‌లొచ్చాయి. రా వాడితే ఇది నాకు వర్తించదనకు. రా అని పేరు పెట్టి క్యూకౌ2 ఎక్కించేవాళ్లూ ఉంటారు. మీ దగ్గర ఆ ప్యాచ్‌లు వేశారో లేదో చూడు.

కుర్రాడు మొత్తం విని "అయితే రా వాడదామండీ" అన్నాడు. ఇంత పురాణం విప్పితే వాడికి మిగిలింది అంతే. మార్చి ఎక్కించే నీ పాత స్క్రిప్టు పంపు, నాది ఎవరికీ అర్థం కావట్లేదట. అన్నట్టు, ఆ నీలం ఛార్జర్ నాదే, వచ్చేటప్పుడు తీసుకురా.

నీ
వాగుడుకాయ