అరుపు ఒక్కటే చాలదు

కరెంటు తీగ తగిలి ఒక కాకి కింద పడితే ఏమవుతుందో మీరూ చూసే ఉంటారు. ఎక్కడెక్కడి కాకులో వచ్చి చుట్టుపక్కల చెట్లన్నీ నింపేస్తాయి. కాసేపు ఒకటే గోల. ఆ తర్వాత మెల్లగా చోటు ఖాళీ చేస్తాయి. విమానాశ్రయాల్లో పక్షుల్ని తరిమే ఒక పద్ధతికి పునాది ఈ భయమే.

శత్రువుకు చిక్కిన పక్షి ప్రాణభయంతో కేక పెడుతుంది. 1950ల్లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో హ్యూబర్ట్ ఫ్రింగ్స్ బృందం స్టార్లింగ్ పిట్టల కేకను రికార్డు చేసింది. ఇవి మన గోరింకలకు చుట్టాలే. రాత్రిళ్లు అవి గుంపులుగా వాలే చెట్ల దగ్గర ఆ కేకను లౌడ్‌స్పీకర్లో వినిపిస్తే, పిట్టలు ఆ చోటు వదిలిపోయాయి.

పిట్టలతో విమానానికేం భయం అనుకోకండి. 1960 అక్టోబర్ 4న బోస్టన్‌లో గాల్లోకి లేచిన విమానం ఇంజిన్లలోకి ఈ స్టార్లింగుల గుంపే దూరింది. విమానం కూలి 62 మంది చనిపోయారు. మన దేశంలోనూ 2022 జూన్ 19న పాట్నాలో పక్షి తగిలి ఒక విమానం ఇంజిన్‌లో మంటలు లేచాయి. పైలట్లు క్షేమంగా వెనక్కి దించారు కాబట్టి 185 మంది ప్రయాణికులు బతికిపోయారు.

కేక వినిపించడంలోనూ ఒక లెక్క ఉంది. జీపును పక్షులకు కొంత దూరంలో ఆపి, సుమారు నిమిషంన్నర వినిపిస్తారు. కొన్ని పక్షులు వెంటనే పారిపోవు. ఏం జరిగిందోనని ముందు శబ్దం వైపే వస్తాయి, పైన చక్కర్లు కొడతాయి, ఆ తర్వాతే వెళ్తాయి. అందుకే విమానం రావడానికి చాలా ముందే ఆ పని ముగించాలి. పావురమైతే అసలు అలాంటి కేకే పెట్టదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, అలవాటు పడిపోవడం. రోజూ అదే కేక వినిపించి, ఏ అపాయమూ రాకపోతే పక్షులు లెక్కచేయవు.

ఈ సంగతి చదువుతుంటే వేంపల్లెలో మా జేజినాయన గుర్తొచ్చాడు. జొన్నచేలో మంచె మీద నిలబడి నేను గొంతు పోయేలా అరిచేవాణ్ని. పిట్టలు ఇటు లేచి అటు వాలేవి. ఆయన వడిసెలలో రాయి పెట్టి ఒక్కటి విసిరేవాడు. "ఊరికే అరిస్తే పిట్టకు తెలిసిపోతాది అబ్బీ. అప్పుడప్పుడు ఒక రాయి కూడా పడాల" అనేవాడు. విమానాశ్రయాల్లోనూ అంతే. కేకతోపాటు మధ్యమధ్యలో టపాకాయలు పేలుస్తారు.

అయినా చేలో గింజ ఉన్నన్నాళ్లూ పిట్ట మళ్లీ వస్తుంది. కంకులు ఇంటికి చేరాకే మేం మంచె దిగేవాళ్లం. రన్‌వే చుట్టూ ఉండే గింజలు మన చెత్తకుప్పలు, కోళ్ల వ్యర్థాలు, కబేళాలు. మన దేశంలో గద్దల్ని అటు రప్పించేవి అవే. అందుకే 1937 నాటి విమాన నిబంధనల్లోని 91వ నిబంధన, విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల పశువుల్ని కోయడం, పక్షులు మూగేలా చెత్త పారబోయడం కూడదంటుంది.

2015 జూన్‌లో మా జిల్లాకూ విమానం వచ్చింది. కడప విమానాశ్రయంలో ఎన్ని స్పీకర్లు పెట్టినా, రాత్రిపూట ఊరి బయట కోడి వ్యర్థాల సంచి విసిరేసి పోయే మనిషిని అవి ఆపలేవు. పొద్దున్నే గద్దలు ఆ సంచి దగ్గరికే వస్తాయి. ఆ పైనుంచే విమానం దిగుతుంది. అందులో మనవాళ్లే ఉంటారు.