పద్దెనిమిది మూరల లోతున

జనవరి నెల, ఉదయం ఏడున్నర. టెక్సస్‌లోని లేక్ ఫోర్క్ చెరువు నడిమధ్యలో పడవని ఒక ఎండు మోడుకి కట్టేసి, ముక్కు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఇండియాలో రాత్రి ఏడు. నాన్న ఫోను.

“ఏరా, ఏవన్నా పడ్డాయా?”

“ఇంకా లేదు నాన్నా. నీళ్లు బాగా చల్లబడిపోయాయి.”

“చేపకి చలేంట్రా, దుప్పటి కప్పుకుంటుందా?”

కొల్లేటి ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి. నీళ్లు వేడెక్కడం, ఎండిపోవడం చూశాడు గానీ చేపకి వణుకు పుట్టే నీళ్లు ఎప్పుడూ చూడలేదు. మీటరు 48 డిగ్రీలు చూపిస్తోంది. నాన్న సెల్సియస్ లెక్కలో చెప్పాలంటే 9. దుప్పటి లేదు కాబట్టే చేప ఒళ్లు కూడా అంతే చల్లబడుతుంది. అరుగుదల మందగిస్తుంది, ఆకలి తగ్గుతుంది. ఎరని తరుముకుంటూ పోయే ఓపిక దానికి ఉండదు. మన పెద్దవాళ్లు చలికాలం పొద్దున్నే అరుగు మీద ఎండ పొడ కోసం కూర్చున్నట్టు, తిండి దగ్గరికి జరిగి కూర్చుంటుంది.

ఆ తిండి పేరు షాడ్. వెండి రేకులా మెరిసే చిన్న చేప, వేల సంఖ్యలో గుంపుగా తిరుగుతుంది. మన పులసకి దూరపు చుట్టం. పులసని ఇంగ్లీషువాళ్లు హిల్సా షాడ్ అని కూడా అంటారు. ఈ చెరువుల్లో షాడ్‌లు రెండు రకాలు. గిజర్డ్ షాడ్‌కి కోడికున్నట్టు కందనకాయ లాంటి పొట్ట ఉంటుంది, పేరు దాన్నుంచే వచ్చింది. అది త్వరగా ఎదిగి, నేను పట్టాలనుకునే క్రాపీ చేప నోటికి అందకుండా పోతుంది. త్రెడ్‌ఫిన్ అలా కాదు, ఎదిగినా చిన్నదే. కాకపోతే చలికి మరీ అర్భకం. నీళ్లు 45 డిగ్రీల కిందికి దిగాయంటే చచ్చి తేలడం మొదలవుతుంది. అందుకే చలి ముదిరేకొద్దీ గుంపులు గుంపులుగా పాత వాగు పారిన లోతుల్లోకి దిగిపోతుంది. వెనకాలే క్రాపీ.

ఈ చెరువుని 1980లో నింపడం మొదలుపెట్టారు. డాలస్‌కి తూర్పున గంటన్నర దారి, దాదాపు 27 వేల ఎకరాలు. అడవిని చాలావరకు నరక్కుండానే ముంచేశారు కాబట్టి నీళ్ల కింద ఇప్పటికీ మోళ్లు నిలబడే ఉన్నాయి. ఇంత చెరువులో చేపని ఎక్కడని వెతకడం? మొదటి చలికాలమంతా నేను క్రాపీని వెతికాను. ఒట్టి చేతులతో ఇంటికొచ్చాను. నాన్నే చెప్పాడు: “చేపని వెతుకుతావేంట్రా? దాని కూడు వెతుకు. గూడబాతు ఎక్కడ దిగుతుందో చూడలేదా నువ్వు?” చూశాను, చిన్నప్పుడు ఆటపాక వైపు రోజూ చూశాను. ఇక్కడా చలికాలం తెల్ల పెలికాన్లు వస్తాయి, సముద్రం కాకులూ వస్తాయి. అవి నీళ్ల మీద గోల చేస్తున్న చోటికి పడవ పోనిచ్చి సోనార్ తెర చూస్తే, షాడ్ గుంపు నల్లమబ్బులా కనిపిస్తుంది. మబ్బు కింద, అంచుల్లో విడివిడిగా చుక్కలు. ఆ చుక్కలే మనవి.

2018లో లైవ్‌స్కోప్ అనే కొత్త సోనార్ వచ్చాక ఆ చుక్కలు కదలడం కూడా చూడొచ్చు. చేప మన ఎర దగ్గరికొచ్చి, వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్లిపోవడం కూడా టీవీలో చూసినట్టు చూడొచ్చు. ఆ అవమానం నాకు అక్కర్లేదనిపించి పాత తెరతోనే సరిపెట్టుకున్నాను.

అసలు సంగతి చేతిలో ఉంది. రీలు దగ్గర దారం పట్టుకుని మూర చొప్పున లాగి వదులుతాను, పూలమ్మి మాల కొలిచినట్టు. పద్దెనిమిది మూరలంటే 27 అడుగులు. గుంపు 28 దగ్గరుంటే అక్కడ ఆపేస్తాను. ఒక్క మూర ఎక్కువైనా పని చెడుతుంది. ఎందుకంటే క్రాపీకి నిజంగానే కళ్లు నెత్తికెక్కి ఉంటాయి. పైనున్నదాన్ని చూసి తింటుంది గానీ కిందున్నదాన్ని పట్టించుకోదు. దారం చివర జిగ్ అనే బరువు గాలం, రెండు గ్రాములు కూడా తూగదు. దాన్ని ఆడించకూడదు. ఊపిరి పీల్చినప్పుడు చెయ్యి కదిలే కదలికే చాలు, ఆ మాటకొస్తే అదే ఎక్కువ.

కొల్లేట్లో కొర్రమీను పడితే కర్ర చేతిలోంచి ఊడిపోతుంది. ఇక్కడ అలా ఎదురు చూస్తూ కూర్చుంటే సాయంత్రం అయిపోతుంది. క్రాపీ కిందనుంచి వచ్చి జిగ్‌ని నోట్లోకి పీల్చుకుని ఒక జానెడు పైకి లేస్తుంది. అంతే. చేతికి తగిలేది బరువు కాదు, ఉన్న రెండు గ్రాములు కూడా లేకుండా పోవడం. బిగువుగా ఉన్న దారం చిన్న విల్లులా వంగుతుంది. అప్పుడు మణికట్టు కొంచెం ఎత్తాలి, కొంచెమే. దాని పెదవి కాగితంలా ఉంటుంది, గట్టిగా లాగితే చిరిగి గాలం ఒక్కటే పైకొస్తుంది.

లోతు నుంచి తెచ్చిన చేపతో ఇంకో చిక్కు ఉంది. ఒకసారి వేరే చెరువులో ఎనిమిది అంగుళాల పిల్ల పడింది. టెక్సస్‌లో మామూలుగా పది అంగుళాలు లేనిది ఉంచుకోకూడదు కాబట్టి నీళ్లలో వదిలాను. అది మునగలేదు. లోపలి గాలితిత్తి ఉబ్బిపోయి, పక్కకి ఒరిగి, తోక ఆడిస్తూ తేలుతూనే ఉంది. నేను చూస్తుండగానే సముద్రం కాకి వచ్చి ఎత్తుకుపోయింది. చట్టం పాటించానన్న తృప్తి ఏమీ మిగల్లేదు. లేక్ ఫోర్క్‌లో అందుకే డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా కొలత లేదు. పడిందల్లా ఉంచుకోవాల్సిందే, మనిషికి 25 దాకా. చిన్నవి పారేసి పెద్దవి ఏరుకుందామంటే కుదరదు. కొందరు సణుగుతారు. నాకు మాత్రం ఇంత తెలివైన రూలు ఇంకోటి కనబడలేదు. వేరే చెరువుల్లో చిన్నవి పడటం మొదలైతే ఇప్పుడు నేను తాడు విప్పి చోటు మార్చేస్తాను.

ఆ రోజు పదకొండు పడ్డాయి. వీపు మీద ఏడెనిమిది ముళ్లుంటే నల్ల క్రాపీ, ఐదారుంటే తెల్లది. లూసియానావాళ్లు క్రాపీని సాకలే అంటారు, ఫ్రెంచిలో పాలసంచి అని అర్థం. కండ చూస్తే ఆ పేరే సరిపోతుంది.

రాత్రి మళ్లీ నాన్న. “పులుసుకి పనికొస్తుందా?”

“విడిపోతుంది నాన్నా. బియ్యప్పిండి, కారం పట్టించి వేయించుకోవాలి.”

“అయితే చేపే కాదు,” అని ఫోను అమ్మకిచ్చాడు.

మీరూ వెళ్లేట్టయితే లైసెన్సు తీసుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి. ఉన్ని తొడుగులకి కుడి బొటనవేలు, చూపుడువేలు దగ్గర కత్తెర వేసుకుని మరీ వెళ్లండి. దారం వదులైన సంగతి ఉన్నికి తెలీదు.