తంగేటి చెవులు

చిక్కబళ్ళాపురం వైపునుండి చూస్తే నందికొండ పడుకున్న ఎద్దులా ఉంటుందంటారు. దాని ఎత్తు 1,478 మీటర్లు. ఈ కొండల్లో పుట్టిన చిత్రావతి, పాపాఘ్ని నదులు ఉత్తరంగా సీమలోకి పారి పెన్నలో కలుస్తాయి. వచ్చేవారిలో చాలామంది చీకటితోనే పైకెక్కి, మంచులో సూర్యోదయం చూసి, టిప్పు వేసవి విడిదిని ఒకమారు చుట్టి దిగిపోతారు. దారి మొదట్లో, రాళ్ళ సందుల్లో, బీడుగట్ల మీద నడుమెత్తున విరబూసిన పచ్చని పొదను చూసి ఆగేవారు తక్కువ. అది తంగేడు.

బాగేపల్లి, చింతామణి తాలూకాల పిల్లలకు ఈ పొదకు ఒక్క పేరు సరిపోదు. ఇంట్లో అది తంగేడు. కన్నడ పాఠంలో తంగడి, లేదా ఆవరికె. కోలారు దాటి తమిళసీమకు పెళ్ళయి వెళ్ళిన అక్క ఇంట్లో ఆవారం. సంస్కృత నిఘంటువు తెరిస్తే ఆవర్తకి. ఇన్ని పేర్లున్న మొక్కను గుర్తించడం సులభమే అనిపిస్తుంది. కాని పేరు తెలియడం వేరు, మొక్క తెలియడం వేరు.

ఆ తాలూకాలోని ఒక బడి పిల్లలు కొండ చూడబోయినప్పుడు జరిగిన ముచ్చట ఇది. తలా ఒక పూలకొమ్మ తెమ్మని అయ్యవారు చెప్పారు. ఒక పిల్లవాడు రెండు కొమ్మలు తెచ్చి, రెండూ తంగేడే అన్నాడు. రెండింటి పూలూ పసుపే. రెండింటి ఆకులూ ఈనెకు ఇరువైపులా చిట్టి ఆకులు పేర్చినట్లున్నాయి. అయ్యవారు ఏమీ అనక, దారి పక్కన మేకలు మేపుకొంటున్న ముసలమ్మకు చూపించమన్నారు.

"అవ్వా, ఇదేం చెట్టవ్వా?"

"ఇది తంగేడు నాయనా. ఆ రెండోది కసింద. ఆకు నలిపి వాసన సూడు, నీకే తెలుస్తాది."

పిల్లవాడు నలిపి, ముఖం చిట్లించి, కొమ్మను దూరంగా పట్టుకున్నాడు. అందరూ నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. "దాని కాయలు నోట్లో ఏసుకోబాకండి" అని మేకల వెంట పోయింది.

అవ్వ ముక్కుతో తేల్చినదాన్ని అయ్యవారు కంటితో తేల్చి చూపారు. కసింద ఆకులో మూడునుండి ఆరు జతల పత్రకాలుంటాయి. అవి కొసదేరి ఉంటాయి. తంగేడులో ఎనిమిదినుండి పన్నెండు జతలు, కొసలు గుండ్రన. కసింద ఆకుకాడ మొదట్లో ఒకే ఒక గ్రంథి ఉంటుంది. తంగేడులో ప్రతి జత పత్రకాల నడుమా సన్నని పుల్లలా ఒక గ్రంథి నిలబడి ఉంటుంది. ఇక కాయలు. తంగేడు కాయ కాగితంలా పలుచన, చదును. కసింద కాయ కొంచెం వంగి, అంచులు మందంగా ఉంటుంది.

వీటన్నిటికంటే తేలికైన గుర్తు ఇంకొకటి ఉంది. తంగేటి ఆకుకాడ కొమ్మకు అతికిన చోట రెండు ఆకుపచ్చని చెవులుంటాయి. వీటిని పత్రపుచ్ఛాలంటారు. చాలా మొక్కల్లో ఇవి చిన్నవిగా ఉండి త్వరగా రాలిపోతాయి. తంగేడులో వెడల్పుగా పెరిగి రాలకుండా నిలుస్తాయి. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ మొక్కకు పేరు పెట్టినప్పుడు ఈ చెవులనే పట్టుకొన్నాడు. 'ఆరిక్యులేటా' అన్నమాటకు చెవులు గలది అని అర్థం. ఆయన ఏనాడూ మన దేశం రాలేదు. ఎండిన కొమ్మలను, ఇతరుల వర్ణనలను చూసి పేర్లు పెట్టిన మనిషికి కనిపించిన చెవులు, రోజూ ఆ పొద పక్కనుండి బడికి నడిచే పిల్లలకు ఆనాటిదాకా కనిపించలేదు!

అవ్వ హెచ్చరిక కూడా ఉత్త బెదిరింపు కాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏటా ఒక కాలంలో పసిపిల్లలు హఠాత్తుగా జబ్బుపడి స్పృహ తప్పేవారు, చాలామంది చనిపోయేవారు. అది మెదడువాపు అని చాలాకాలం అనుకొన్నారు. పిల్లలు ఆటలో కసింద గింజలు తినడమే కారణమని వైద్యులు 2007లో తేల్చారు. ఆ గింజల విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుంది. ఒకే రంగు పువ్వు, ఒకే కుటుంబం, పక్కపక్కనే పెరిగే పొదలు. వాటిని వేరుచేసి చెప్పగలగడం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగలవలసిన విషయం కాదు.

లినేయస్ ఈ మొక్కను కేషియా అనే ప్రజాతిలో చేర్చాడు. తరువాత తెలుగునాటికి వచ్చిన స్కాట్లాండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లను కూడా రాసుకొన్నాడు. పల్లెవాళ్ళు చెప్పిన పేరు పనికిరానిదని ఆయన అనుకోలేదు. సోమిద చెట్టు పేరైతే నేరుగా శాస్త్రంలోకే ఎక్కింది: దాని ప్రజాతి పేరు నేటికీ సోయ్‌మిడా. ఆయన 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు, 1815లో మరణించాడు. 1832లో అచ్చయిన ఆయన 'ఫ్లోరా ఇండికా' గ్రంథంలో తంగేడు సెన్నా అనే ప్రజాతిలో కనిపిస్తుంది.

అంతటితో తగవు తీరలేదు. 1871లో బెంథామ్ ఈ మొక్కలన్నిటినీ మళ్ళీ కేషియాలోకి తోశాడు. నూరేళ్ళకు పైగా పుస్తకాలు అదే మాట అన్నాయి. 1982లో న్యూయార్కుకు చెందిన ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు ఆ పెద్ద గుంపును మూడుగా విడదీశారు. మన రేలచెట్టును, అంటే కన్నడంలో కక్కెను, పక్కన పెట్టుకొని చూస్తే వారి వాదం అర్థమవుతుంది. రేలపువ్వులో కింది మూడు కేసరాల కాడలు పొడవుగా సాగి పాములా మెలి తిరుగుతాయి. తంగేడులో కాడలు తిన్నగా ఉంటాయి. అందువల్ల రేల కేషియాగానే ఉండిపోయింది. తంగేడు, కసింద సెన్నాకు చేరాయి. ప్రజాతి మారినా 'ఆరిక్యులేటా' మాత్రం మారలేదు. ఇల్లు మారినా చెవులు మనతోనే వస్తాయి గదా!

ఇటువంటి తగవులు ఎత్తైన కొండల పొదలకూ ఉన్నాయి. నీలగిరి శిఖరాల మీద ఎర్రగా పూసే రోడోడెండ్రాన్‌ను ఒకప్పుడు వేరే జాతిగా లెక్కించి నీలగిరి పేరే పెట్టారు. ఇప్పుడది హిమాలయాల్లో పూసే జాతికే ఉపజాతి. రెండింటి మధ్య రెండువేల కిలోమీటర్లకు పైగా మైదానం ఉంది. నందికొండకు ఆ చలీ లేదు, ఆ పువ్వూ లేదు.

తంగేటిపువ్వులో తేనె ఉండదు. పది కేసరాల్లో పై మూడూ గొడ్డువి. మిగిలినవాటి కొసన చిన్న రంధ్రం ఉంటుంది. తుమ్మెద పువ్వును పట్టుకొని రెక్కల కండరాలతో జుమ్మని అదిరిస్తే, పుప్పొడి ఆ రంధ్రంలోనుండి ఉప్పుడబ్బీలో ఉప్పులా రాలుతుంది. ఎండ ఎక్కకముందు పొద దగ్గర నిలబడితే ఆ జుమ్మనే శబ్దం వినబడుతుంది.

ఇంగ్లీషువారు ఈ పొదను 'టానర్స్ కేషియా' అన్నారు. దక్షిణదేశంలో తోళ్ళు పదును చేయడానికి దీని బెరడే ముఖ్యంగా ఉండేది. తరువాత దక్షిణాఫ్రికానుండి వాటిల్ బెరడు దిగుమతి అయి, తంగేడుకు గిరాకీ తగ్గింది. తెలంగాణలో బతుకమ్మను పేర్చడానికి మాత్రం ఇది తప్పదు. 2014లో ఆ రాష్ట్రం తంగేడును తన పుష్పంగా ప్రకటించింది. ఇటు నంది చుట్టుపక్కల బీళ్ళలో దీనితో చోటుకు పోటీపడేది లంటానా. అది అమెరికా ఖండపు పొద. 19వ శతాబ్ది ఆరంభంలో అందంకోసం కలకత్తా తోటకు తెచ్చారు. దాని పండ్లు తిన్న పిట్టలు గింజలను ఊరూరా జల్లాయి. తంగేటి కాయ ఎండి రాలితే, గింజలు చాలావరకు తల్లిపొద దాపునే పడతాయి.