ఫోను వింటాది!

బెళుగుప్పలో ఇంటి అరుగు మీద కూర్చుని స్పానిష్ మాట్లాడటం నేర్చుకోవచ్చు. ఫీజు లేదు, బస్సు లేదు, హాస్టల్ లేదు. పట్నాల్లో ఈ సంగతి ఎప్పుడో తెలుసేమో, నాకు మాత్రం ఈ వేసవిలోనే తెలిసింది. తెలిసినప్పటి నుంచి ఊరికే ఉండలేకపోతున్నాను. పాలు పోసే ఆయనకు చెప్పాను, కళ్యాణదుర్గం బస్సులో పక్క సీటు ఆమెకు చెప్పాను, విత్తనానికి శనక్కాయలు వలుస్తూ మా అత్తకు చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

ఫోనులో పాఠాలుంటాయని అందరికీ తెలిసిందే. యూట్యూబ్ తెరిస్తే వద్దన్నా కనిపిస్తాయి. నన్ను కదిలించింది ఆ పాఠాలు కాదు. ఫోను వింటుంది! మనం పలికిన మాటను విని, తనకు ఏం వినబడిందో అక్కడికక్కడే రాసి చూపిస్తుంది. కీబోర్డు సెట్టింగుల్లో స్పానిష్ చేర్చి, మైకు గుర్తు నొక్కి, కుక్క అనే అర్థంలో 'పెర్రో' అన్నాను. తెర మీద 'పెరో' అని పడింది. అది 'కానీ' అనే మాట. నాలుక బిగించి ఇంకోసారి అన్నాను. మళ్లీ 'కానీ'నే. మా గొర్రెల కాపరులు గొర్రె అన్నప్పుడు ర్ర ఎలా మోగుతుందో గుర్తు తెచ్చుకుని, అంత గట్టిగా పలికాను. కుక్క వచ్చేసింది! పక్కన నిలబడి చూస్తున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. "అక్కా, నేను జెప్తా, నేను జెప్తా" అని ఫోను లాక్కున్నారు. ఒక్కొక్కరే పెర్రో అంటుంటే, తక్కినవాళ్లు తెర మీదికి వంగి తీర్పు చెప్పడం. ఒకడికి రాకపోతే, వచ్చినవాడు వాడి నోటి దగ్గర నోరు పెట్టి నేర్పడం. ఆ సాయంత్రం నేను నేర్పింది ఏమీ లేదు, వాళ్లకు వాళ్లే నేర్పుకున్నారు.

ఇది ఎందుకంత పెద్ద సంగతో చెప్పనివ్వండి. మా తరం ఇంగ్లీషు నేర్చుకున్నది కళ్లతో, చేత్తో. చదివాం, రాశాం, బట్టీ పట్టాం, పాసయ్యాం. నోరు తెరిచి ఒక వాక్యం అంటే విని సరిదిద్దేవాళ్లు లేరు. తప్పు పంతుళ్లది కాదు. 45 నిమిషాల పీరియడు, గదిలో 45 మంది పిల్లలు అనుకోండి. పంతులు నోరు విప్పకుండా మొత్తం సమయం పిల్లలకే ఇచ్చినా ఒక్కొక్కరికి దక్కేది ఒక్క నిమిషం. నిమిషంలో ఏ భాష నోటికి అలవాటవుతుంది? వినే చెవి దొరకకనే మా నోళ్లు మూతపడ్డాయి. ఇప్పుడా చెవి చేతిలోకి వచ్చింది. అది విసుక్కోదు, నవ్వదు, పక్కింటి పిల్లతో పోల్చదు. నూరుసార్లు చెప్పినా నూటొక్కటోసారి కూడా అంతే ఓపికగా వింటుంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల ఒకతి ఉంది మా వీధిలో. ఫోను పట్టుకుని వేపచెట్టు వెనక్కి పోయి, అక్కడ గలగలా మాట్లాడుతోంది.

ఈ ఆలోచన ఇంతకుముందు ఎవరికైనా తట్టిందా అని వెతుక్కుంటూ పోతే మన హైదరాబాదే ఎదురైంది. నా ఆనందం చెప్పలేను. ఢిల్లీ కాల్కాజీలో 1999లో గోడకు కన్నం పెట్టి, పేద పిల్లల కోసం కంప్యూటరు బిగించిన సుగత మిత్ర పేరు మీరు విని ఉంటారు. ఆయన, మరికొందరు కలిసి హైదరాబాదులో తక్కువ ఫీజుల బడుల పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఆ పిల్లల ఇంగ్లీషులో ఇంటి యాస గట్టిగా ఉండేది. మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేరు, ఒక భాషా పాఠాల సాఫ్ట్‌వేరు, కొన్ని ఇంగ్లీషు సినిమాలు ఇచ్చి, టీచరు లేకుండా గుంపులుగా వదిలేశారు. తమ మాట కంప్యూటరుకు అర్థమయ్యేదాకా పిల్లలు పలుకుతూనే ఉన్నారు. కొన్ని నెలల్లో ఉచ్చారణ మెరుగుపడింది. ఆ పరిశోధన పత్రం 2003లో అచ్చయింది. అంటే మా అరుగు మీద పిల్లలు గుమిగూడి చేసిన పనే, ఇరవై ఏళ్లకు ముందే హైదరాబాదు పిల్లలు చేసి చూపించారు. అప్పుడు దానికి కంప్యూటరు కావలసి వచ్చింది. ఇప్పుడు పొలం నుంచి వచ్చిన నాన్న జేబులో ఉన్న ఫోను చాలు.

సుగత మిత్ర అక్కడితో ఆగలేదు. 2009లో బ్రిటన్‌లోని అమ్మమ్మలను, నానమ్మలను వారానికి ఒక గంట అడిగారు. స్కైప్‌లో హైదరాబాదు పిల్లలకు కథలు చదివి వినిపించమని. వాళ్లు ముందుకొచ్చారు! గోడ మీద పెద్ద బొమ్మగా ఇంగ్లండు అవ్వ కనబడటం, ఇటు నుంచి పిల్లలు ప్రశ్నలు వేయడం. పాఠం చెప్పడం ఆ అవ్వల పని కాదు, ముచ్చటపడటం వాళ్ల పని. 'భళా, ఎలా చేశావురా ఇది' అనడం. నాకు ఇది చదివినప్పుడు కళ్లు చెమర్చాయి. మెచ్చుకునే అవ్వ ఒకతి దూరదేశంలో ఉన్నా పిల్లవాడు చదువుతాడు.

నేను స్పానిషే ఎందుకు ఎంచుకున్నానని అడుగుతారేమో. అనంతపురం జిల్లా వాళ్లు అడగరు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో మా కరువు సీమకు వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పెట్టి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉండిపోయారు. ఆర్డీటీ అంటే మా ఊళ్లలో తెలియని ఇల్లు లేదు. స్పెయిన్‌లో ఎవరో ఒక కుటుంబం మా పిల్లల్లో ఒకరి చదువుకు సాయం చేస్తుంది. పిల్లలు బొమ్మలు వేసి, ఉత్తరం రాసి పంపుతారు, అటు నుంచి జవాబు వస్తుంది. నేనూ అలా చదువుకున్నదాన్నే. ఉత్తరం తెలుగు అనువాదంతో నా చేతికి వచ్చేది, నేను చదివేది ఆ తెలుగే. వాళ్ల మాట వాళ్ల గొంతులో ఎలా ఉంటుందో ఎన్నడూ తెలియదు. ఈ వేసవిలో ట్రంకు పెట్టెలోంచి స్పానిష్‌లో ఉన్న ఒక పాత ఉత్తరం తీసి, రాతను చదివి వినిపించే యాప్ తెరిచి, ఫోను కెమెరా ముందు పెట్టి, స్పీకరు గుర్తు నొక్కాను. చేతిరాత కాబట్టి అక్కడక్కడ తడబడింది గానీ చదివింది. నా పేరు వినబడింది, స్పానిష్ వాక్యం మధ్యలో. అంతే, ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఈ భాష నేర్చుకోవాల్సిందేనని.

బత్తలపల్లిలో ఆర్డీటీకి విదేశీ భాషల పాఠశాల ఉంది. పల్లెటూరి పేదింటి పిల్లలు అక్కడ ఇంగ్లీషుతో పాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్చుకుని పట్నాల్లో కంపెనీ ఉద్యోగాలకు పోతున్నారు. శనక్కాయ పంట ఎండిపోతే బెంగళూరుకు కూలికి పోవడం ఒక్కటే దారిగా ఉన్న ఊళ్లకు అది ఎంత పెద్ద మార్పో వేరే చెప్పాలా? కానీ అక్కడి సీట్లు కొన్నే. పెళ్లయినవాళ్లు, ముసలి అమ్మానాన్నలను చూసుకునేవాళ్లు, పదో తరగతితో ఆగిపోయినవాళ్లు అంత దూరం పోలేరు. వాళ్ల దగ్గరికే భాష రావాలి.

వస్తోంది కూడా. డువోలింగో అనే యాప్ చూడండి. దాన్ని 2011లో మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు లూయిస్ ఫాన్ ఆన్, గ్వాటెమాలాలో పుట్టినవాడు. తన దేశంలో ఇంగ్లీషు వస్తేనే బతుకు బాగుపడుతుంది, ఆ ఇంగ్లీషు నేర్చుకోవాలంటే డబ్బు కావాలి, డబ్బు లేకనే బాగుపడాలని చూస్తున్నారు. ఈ ముడిని చూసే ఉచితంగా నేర్పాలనుకున్నాడు. మధ్యలో ప్రకటనలు వస్తాయి, ఓర్చుకోవాలి. ఫోర్వో అని ఇంకొకటి. ఎన్నో భాషల మాటలను, ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు తమ గొంతుతో పలికి ఉంచారు. ఇక రేడియో గార్డెన్ చూసిన రాత్రి నేను పడుకోనే లేదు. తెర మీద భూగోళం, దాని మీద పచ్చని చుక్కలు. వేలితో తిప్పి ఏ చుక్క దగ్గర ఆపితే ఆ ఊరి రేడియో అప్పుడే పలుకుతుంది! బార్సిలోనాలో ఆపాను. బొగొటాలో ఆపాను. హవానాలో ఆపాను. గుట్టల మీద గాలిమరల ఎర్ర దీపాలు వెలుగుతుంటే, మా ఇంట్లో క్యూబా వార్తలు.

స్పానిష్ తెలుగు నోటికి ఎంత సులువో చెప్తే నమ్మరు. వాళ్ల అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. మనకు పాలతో వచ్చినవే. వాళ్ల త, ద మన త, ద లాగానే పళ్లకు తగులుతాయి. ఇంగ్లీషువాళ్లు అవస్థ పడే ర్ర మనకు కర్రలో, బర్రెలో, జీలకర్రలో ఉంది. దాదాపు రాసినట్టే చదువుతారు. క్రియ చివర చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది: 'ఆబ్లో' అంటే మాట్లాడుతాను, 'ఆబ్లాస్' అంటే మాట్లాడుతావు. నేను, నువ్వు అనక్కర్లేదు, అచ్చం మనలాగే. పెద్దవాళ్లకు మీరు, స్నేహితులకు నువ్వు, అదీ ఉంది. కష్టమంటే ఒకటే, బల్ల ఆడదట, పుస్తకం మగవాడట. ప్రతి వస్తువుకూ ఇలా గుర్తు పెట్టుకోవాలి.

గుర్తు పెట్టుకోవడానికీ ఉపాయం ఉంది. జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, ఎంతసేపట్లో ఎంత మరచిపోతామో కొలిచి 1885లో పుస్తకం వేశాడు. మొదట గబగబా మరచిపోతాం, తర్వాత మెల్లగా. మరచిపోబోయే ముందు మళ్లీ గుర్తు చేస్తే మాట నిలుస్తుంది. రేపు ఒకసారి, నాలుగు రోజులకు ఒకసారి, పది రోజులకు ఒకసారి. మా మెట్ట పైరుకు అదనుకు ఒక్క వాన పడితే చాలన్నట్టే. 2006 నుంచి ఉన్న ఆంకీ అనే ప్రోగ్రాం ఈ లెక్కంతా తానే చూసుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో పైసా అక్కర్లేదు.

పిల్లలకు ఇంగ్లీషే కావాలంటే గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ నాకు అన్నిటికంటే నచ్చింది. 2019లో బోలో అనే పేరుతో మన దేశంలోనే మొదలైంది. పిల్లవాడు కథ బయటికి చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, తడబడిన చోట సాయం చేస్తుంది. తెలుగు కథలూ ఉన్నాయి. నర్సింగు చదివిన ఆడపిల్లలున్న ఇళ్లకు ఇంకో మాట. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి భాష కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ సంస్థలూ నర్సులకు జర్మన్ నేర్పించే పని చేపట్టాయి. ఆ తరగతిలో చేరకముందే, జర్మనీ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ల 'నికోస్ వేగ్' పాఠాలు ఇంట్లో ఉచితంగా చూడొచ్చు. నికో అనే కుర్రాడు జర్మనీలో దిగి బ్యాగు పోగొట్టుకోవడంతో కథ మొదలై, మొదటి మెట్టు ఏ1 నుంచి, బీ2కు ఒక మెట్టు కింద ఉండే బీ1 దాకా నడుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆటలాంటి యాపుల్లో పాయింట్లు, వరుస రోజుల లెక్క చూసుకుని మురిసిపోతే భాష రాదు. రోజూ బయటికి మాట్లాడాలి, చివరికి మనిషితో మాట్లాడాలి. ఊరూ పేరూ తెలియనివాళ్లతో మాట కలిపే యాపులు పెద్దవాళ్లకే, పిల్లల చేతికి ఇవ్వకండి. మనకు తెలిసినవాళ్లయితే వేళ చూసుకుంటే చాలు. వేసవిలో స్పెయిన్ మనకంటే మూడున్నర గంటలు వెనక, చలికాలంలో నాలుగున్నర. మనం రాత్రి అన్నం తిని కూర్చునేసరికి వాళ్లకు సాయంత్రమే.

మా దగ్గరి జీడిపల్లి రిజర్వాయరు దాకా కృష్ణా నీళ్లు వస్తాయంటే మా తాతలు నమ్మలేదు. 2012లో వచ్చాయి. ఇదీ వచ్చేసింది, నమ్మండి. సిగ్నలు సరిగా లేని ఊరైతే మాట గుర్తించే భాషా ఫైలును ఒకసారి సిగ్నలున్న చోట దించి పెట్టుకోండి, ఆ తర్వాత నెట్ లేకపోయినా ఫోను వింటుంది. మీ బీరువాలో మైకు పనిచేసే పాత ఫోను ఒకటి ఊరికే పడి ఉంటుంది. దాన్ని తుడిచి, చార్జింగు పెట్టి, మీ వీధి పిల్లలకు ఇవ్వండి. గుంపుగా కూర్చోబెట్టి ఇవ్వండి, ఒక్కరికే కాదు.