చర్చిలో పుట్టిన రికార్డు

న్యూయార్కు నగరంలో, తూర్పు 30వ వీధిలో, 207వ నంబరు స్థలానికి మీరు ఇవాళ వెళితే, జనం కాపరముండే పెద్ద మేడ తప్ప వింత ఏమీ కనిపించదు. పూర్వం అక్కడొక చర్చి ఉండేది. దాని కప్పు దాదాపు 100 అడుగుల ఎత్తు. ప్రార్థనలు ఆగిపోయిన ఆ చర్చిని 1949లో కొలంబియా రికార్డుల కంపెనీ స్టూడియోగా మార్చింది. అంత ఎత్తు హాలులో వాద్యం మోగితే, ధ్వని గోడలకూ కప్పుకూ తగిలి తిరిగివస్తూ, కొంతసేపు నిలుస్తుంది.

1959 మార్చి 2న మైల్స్ డేవిస్ అనే బాకా విద్వాంసుడు తన బృందంతో అక్కడికి వచ్చాడు. వాళ్ళది అమెరికాలోని నల్లవారి మధ్య పుట్టిన జాజ్ సంగీతం. పాట మొత్తం రాసుకుని రాలేదు. మన విద్వాంసులు రాగం ఆలాపించినట్టే, ఇచ్చిన స్వరాలలో ఎవరి కల్పన వారు అప్పటికప్పుడు చేశారు. ఆ రోజూ, ఏప్రిల్ 22నా వాయించిన అయిదు పాటలే "కైండ్ ఆఫ్ బ్లూ" అనే రికార్డు.

మీరు దాన్ని దీపం తగ్గించి, మాట్లాడకుండా వినండి. మూడో పాటలో డేవిస్ బాకాకు లోహపు బిరడా బిగించి వాయిస్తాడు. ఎవరో చెవిలో రహస్యం చెప్పినట్టుంటుంది. చివరి పాట కోసం అయిదు స్వరవరసలు అనుకున్నారు. ఒక్కొక్క వరసలో ఎంతసేపు ఉండాలో వాయించేవాడి ఇష్టం. అతను వరస మార్చగానే మిగతావాళ్ళూ మారాలి. ఒక్కడు చెవి అటూ ఇటూ పోనిస్తే పాట చెడుతుంది!

ఇంత జాగ్రత్తలోనూ ఒక పొరపాటు జరిగింది. మొదటి రోజున ఒక టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరి అయిన వేగంతో తిప్పితే పాట త్వరగా నడిచి, శ్రుతి కొంచెం పెరిగింది. ఆ రోజునే పక్కన మరొక యంత్రం సరిగా తిరిగింది కనక, దాని టేపుతో 1992లో తప్పు దిద్దారు. అంటే 33 ఏళ్ళపాటు లోకం మొదటి మూడు పాటలనూ శ్రుతి తప్పే విన్నది!

స్టూడియో 1981లో మూతపడింది. తరవాత ఆ కట్టడాన్ని కూల్చేశారు. ఆ బృందంలో చివరిగా మిగిలిన డ్రమ్ముల వాద్యకారుడు జిమ్మీ కాబ్ 2020లో చనిపోయాడు. కాని రికార్డు తిరిగినప్పుడల్లా, బాకా ఆగిన తరవాత ఒక్క క్షణం చెవి ఒగ్గండి. అక్కడ నిలిచే ధ్వని, ఇప్పుడు లేని ఆ కట్టడానిదే.